ఆముదమో, కలరానో

మొన్న పింఛను పనిమీద పాత ఆఫీసుకు పోతే, అంబులెన్సు మీద కొత్తగా చేరినవాళ్లు ఇద్దరు నన్ను కూర్చోబెట్టి, చాయ్ తాగించి, "పెద్దాయనా, మీ కాలంలో రోగాలొచ్చినప్పుడు మీకు భయమయ్యేది కాదా?" అని అడిగారు. కాదని చెప్పి మీసం మెలేద్దామనుకున్నాను. మీసం తీసేసి చాలా ఏళ్లయింది. పైగా ఒకరి చాయ్ తాగి అబద్ధం చెప్పడం బాగుండదు. అందుకని ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఇందులో ధైర్యం గురించి ఏమైనా దొరుకుతుందేమోనని వెతకకండి. నాకే దొరకలేదు.

నా చదువు ఉర్దూ బడిలో నాలుగో జమాతు దగ్గర ఆగింది. తెలుగు రాష్ట్రం వచ్చాక ఆబిడ్స్ దుకాణాల మీద తెలుగు బోర్డులు కూడా వెలిస్తే, వాటిని చూసి చదవడం నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ నా అక్షరాలు చీరల దుకాణం పేరంత లావుగా ఉంటాయి. స్టీరింగు మాత్రం ఎవరూ నేర్పకుండానే చేతికొచ్చింది. లారీ క్లీనరుగా మొదలై, చివరికి రోగులను తీసుకుపోయే సర్కారు బండికి డ్రైవరునయ్యాను. కాగితాల మీద ఆ బండికి పెద్ద పేరేదో ఉండేది. ఊళ్లో అందరూ కలరా బండి అనేవాళ్లు.

పందొమ్మిది వందల అరవైల మధ్యలో ఆ కలరా వచ్చింది. అంతకుముందూ వచ్చేది, పోయేది. ఈసారిది వేరే రకమట, ఎక్కడో సముద్రం నడుమ దీవుల్లో బయలుదేరి ఒక్కో దేశమే తిరుగుతూ మన దాకా వచ్చిందట. మా డాక్టరుగారు అలా చెప్పారు. "పాస్‌పోర్టు లేకుండ అన్ని దేశాలు తిరిగొచ్చింది సారూ, నాకు గౌలిగూడ బస్సుకే చిల్లర దొరుకుత లేదు," అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ రోజుల్లో ఆయన నవ్వడం మానేశారు. మాతో మాట్లాడుతూ మాట్లాడుతూనే తన చేతి నాడి తనే పట్టుకుని చూసుకునేవారు.

మా జట్టులో నలుగురం. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఆ డాక్టరుగారు, ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు నీళ్ల కుండ మీద మూత ఉందో లేదో చూసే సిస్టరమ్మ, బండికి నేను, స్ట్రెచరు మోయడానికి మా జోడీదారు. నేను చెప్పబోయేది ఆ జోడీదారు సంగతే. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. మెదక్ వైపు పల్లెలో బండెడు వడ్ల బస్తాలు ఒక్కడే దించిన మనిషి. పంటలు పోయి పట్నమొచ్చి, మనుషులను మోసే పనిలో చేరాడు. "బస్తా నయం తమ్మీ, మూలగది," అనేవాడు.

ఆఫీసు ఆబిడ్స్ వెనక ఒక గల్లీలో ఉండేది. బండి పెట్టే యార్డు నాంపల్లి స్టేషనుకు ఇవతల. బండికి ఒక ఇత్తడి గంట ఉండేది, కబురు వచ్చి బయలుదేరితే అది కొడుతూ పోవాలని రూలు. గంట వినపడితే చాలు, సాయంత్రంపూట ఆబిడ్స్‌లో కిక్కిరిసిన జనం రెండు పాయలుగా చీలిపోయి దారిచ్చేవాళ్లు. చౌరస్తాలో పోలీసాయన చెయ్యి పైకెత్తితే నాకు సెల్యూట్ కొడుతున్నాడని మొదట్లో మురిసిపోయాను. ముక్కు మూసుకోవడానికట. ఇరానీ హోటలు వాళ్లు నాకని ఒక కప్పు వేరే పెట్టారు, అది కిటికీ బయట మేకుకు వేలాడేది. సొంత కప్పు నవాబులకు తప్ప ఎవరికుంటుందని బేరర్‌తో అన్నాను. అతను నవ్వాడు, చాయ్ మాత్రం మూర ఎత్తు నుంచి పోశాడు.

వాళ్లు మమ్మల్ని చూసి భయపడడం అర్థం చేసుకోవచ్చు. మేము మమ్మల్ని చూసి భయపడడం మొదలైంది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఖైరతాబాద్‌లో మా అమ్మ రోజూ లోపలికి రమ్మనేది. నేనే గుమ్మం బయట నిలబడి, జీతం గడపమీద పెట్టి, రెండు మాటలు మాట్లాడి వచ్చేసేవాణ్ని. యార్డులోనే పడుకునేవాణ్ని. సిస్టరమ్మ బ్లీచింగు నీళ్లతో కడిగి కడిగి చేతులు పగిలిపోయి, అన్నంలో కారం కలపలేక చెంచాతో తినేది. ఏది తిన్నా ఫినాయిలు వాసనే వస్తోందని సగంలో లేచేది. కడుపులో కొంచెం గుడగుడమంటే చాలు, నలుగురిలో ఎవరైనా సరే మాట ఆపి, లోపలికి చెవి పెట్టి వినేవాళ్లం.

పోనీ ఎలా అంటుకుంటుందో ఒక్క మాట మీద ఎవరైనా నిలబడ్డారా అంటే అదీ లేదు. నీళ్లలో అని డాక్టరుగారు. నీళ్లే కాదు, ఈగలు కూడా అని సిస్టరమ్మ. గాలి అని శానిటరీ ఇన్‌స్పెక్టరు. మా బండి అని ఊరంతా. పొద్దున ఒక ఆర్డరు వచ్చేది, మూతికి గుడ్డ కట్టుకోండని. మధ్యాహ్నం ఇంకో ఆర్డరు, గుడ్డలు కట్టుకుని జనాన్ని భయపెట్టకండని. నేను పొద్దున కట్టుకుని మధ్యాహ్నం మెడలోకి దించుకునేవాణ్ని. ఆ ఆఫీసులో రెండు ఆర్డర్లూ పాటించినవాణ్ని నేనొక్కణ్నే.

మా జోడీదారు భయం నీళ్ల మీద పడింది. ముందు బయట తాగడం మానేశాడు. తర్వాత యార్డు నల్లా మానేశాడు. తర్వాత ఇంట్లో మరగబెట్టిన నీళ్లే, అవి కూడా రోజూ కొంచెం తగ్గిస్తూ వచ్చాడు. అంత శరీరానికి అరగ్లాసు నీళ్లు ఎక్కడ సరిపోతాయి? పెదవులు ఎండి, నాలుక తడారి, మాట గరగరమనేది. దానికి తోడు మందులు. కంపౌండరు ఇచ్చిన మాత్రలు ఒక జేబులో, హిమాయత్‌నగర్ గుమాస్తా ఎవరో ఇచ్చిన హోమియో గోలీలు ఇంకో జేబులో, నాంపల్లి హకీం కట్టిచ్చిన లేహ్యం రుమాల్లో. మనిషి వంగితే ఏదో ఒకటి రాలేది.

ఒకరోజు యార్డులో బండి చాటున నిలబడి చిన్న సీసా ఎత్తి గుటుక్కున మింగడం చూశాను. ముఖం వంకర్లు పోయింది.

"ఏందన్నా అది?"

"ఆముదం."

"ఎవరికి పురుడొచ్చింది, నీకా వదినెకా?"

"నవ్వకు తమ్మీ. జర సోంచాయించు. రోగం వచ్చి కడుపుల కూసుంటదా లేదా?"

"కూసుంటది."

"మరి కడుపు సాఫ్‌గ ఖాళీ పెట్టుకుంటే, గది యాడ కూసుంటది?"

"నిలవడ్తదేమో," అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ సంగతి ఆయన ఆలోచించలేదు.

సిస్టరమ్మకు తెలిసి బాగా తిట్టింది. "ఆముదం తాగితే అయ్యేవీ విరేచనాలే, కలరాకు అయ్యేవీ విరేచనాలే. రేపు నిజంగా వస్తే మేము దేన్ని చూసి చెప్పాలి నీకు?"

"రాకుండనే గద సిస్టర్ తాగుతున్న," అన్నాడు. 

ఆయన భయంలో సగం రోగం గురించి, సగం గది గురించి. ఆయనా వదినా నాంపల్లిలో ఒక ముసలమ్మ ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లు. వాకిట్లో అరుగు, దాని పక్కన ఒక్క గది. అంతకుముందు గౌలిగూడలో ఉన్న గది, కలరా బండి మీద పనిచేస్తాడని తెలిసి ఖాళీ చేయించారు. అందుకని ఇక్కడ, స్టేషను దగ్గర మోత పని అని చెప్పాడు. అబద్ధమేమీ కాదు. కానీ ఫినాయిలు వాసన వచ్చే హమాలీ ఎక్కడైనా ఉంటాడా? ఆ ఇంటి అవ్వ కనిపెట్టేసింది. వదినకు ఏడో నెల అని చూసి ఉండనిచ్చింది గానీ ఒక షరతు పెట్టింది. "ఆ బండి ఈ గల్లీలకు వచ్చిన నాడు మీ పెట్టె బయట ఉంటది బిడ్డా. నేను ముసల్దాన్ని, నాకు సావాలని లేదు," అంది. దానికి ఎవరు మాత్రం ఏం అనగలరు? ఆయన ఇంకో గది కోసం తిరగని గల్లీ లేదు. మా ఉద్యోగం పేరు చెప్పగానే తలుపులు మూసుకునేవి. ఆ గది పోతే, నిండు కడుపుతో ఉన్న ఆడమనిషిని పెట్టడానికి ఆయనకు పట్నంలో జాగా లేదు.

వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున ఆయన పనికి రాలేదు. కాసేపటికి యార్డు గేటు దగ్గర వదిన కనిపించింది. నెత్తిమీద కొంగు కప్పుకుని, గోడ పట్టుకుని నిలబడింది.

"తెల్లారకముందు సంది పెరట్లకే తిరుగుతున్నడు," అంది. "నాకు కనవడకుండ చెంబు దాస్తుండు. కండ్లు లోపలికి పోయినయి. ఎవ్వరికి చెప్పకుమన్నడు. నేను నీకు చెప్పిన."

"ఆముదం తాగిండా వదినా?"

"ఏమో. నిన్న తాగిండో మొన్న తాగిండో. సీసా నాకు చూపియ్యడు." కొంగు ఇంకా ముందుకు లాక్కుని, "బండి తేకు," అంది.

నేను ఆబిడ్స్‌కు పరుగెత్తాను. డాక్టరుగారు విని, చేత్తో నాడి పట్టుకున్నారు, తనదే. "చూడవయ్యా, అనుమానం వస్తే బండిలో తీసుకురావాలి. అంతే రూలు. ఆముదమైతే అదృష్టం. కలరా అయితే ఆలస్యం చెయ్యకూడదు. నేను ఇప్పుడే షెడ్డుకు పోవాలి, రాలేను," అన్నారు. ఊరి బయట కలరా రోగుల కోసం వేసిన రేకుల షెడ్లలో అప్పటికే మంచాలు నిండిపోయి ఉన్నాయి. "అయితే బండి తీయమంటరా సారూ?" అంటే, "తీయమనే చెప్తున్నాను. కానీ ముందు సిస్టరు చూసొస్తే మంచిది. కానీ ఆలస్యం చెయ్యకండి," అన్నారు. మూడు మాటలకు మూడు దిక్కులు. నేను ఏ దిక్కుకు పోవాలో తెలియక నిలబడితే, సిస్టరమ్మే టోపీ తీసి సొరుగులో పెట్టి, యూనిఫాం మీద శాలువా కప్పుకుని బయటికి నడిచింది. ఆమె రిక్షా ఎక్కింది, నేను పక్కన నడిచాను. బండి యార్డులోనే ఉంది.

అవ్వ అరుగుమీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎవరని అడిగితే, "మా వదినెను చూడనీకి వచ్చిన్రు అవ్వా, ఏడో నెల గద," అన్నాను. అవ్వ ముఖం వెలిగింది. సిస్టరమ్మను కదలనివ్వకుండా మోకాళ్ల నొప్పులు, కంటి పొర, వేలి మీద పుట్టిన కాయ, అన్నీ చూపించింది. సిస్టరమ్మ అన్నింటికీ జవాబు చెప్పింది. గది లోపల నుంచి మూలుగు వినపడితే నేను గట్టిగా దగ్గాను. దగ్గు విని అవ్వ వెనక్కి జరిగింది.

లోపల మా జోడీదారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బస్తాలు దించిన మనిషి, ఒక్క పొద్దుకే బట్ట పిండినట్టు అయిపోయాడు. సిస్టరమ్మ చేతి చర్మం పట్టి లాగి వదిలింది. చర్మం వెంటనే కిందికి దిగలేదు, లాగిన చోటే మడతగా నిలబడింది.

"నీళ్లు ఏమైనా తాగావా?"

"లే."

"పొద్దుటి నుంచీ?"

"నిన్నటి సంది. నీళ్లల్లనే ఉంటది గద సిస్టర్."

"ఆముదం ఎప్పుడు తాగావు?"

ఆయన నా వైపు చూశాడు, వదిన వైపు చూశాడు. "యాదికొస్త లేదు. తాగినట్టే ఉంది. గా లేహ్యం కూడ తిన్న. ఉల్లిగడ్డ రసం తాగిన. దేనికి ఏమైతుందో నాకు తెలుస్త లేదు."

సిస్టరమ్మ నా వైపు తిరిగింది. ఏదో ఒకటి చెబుతుందని నేను ఎదురుచూశాను. ఎన్ని వందల మందిని చూసి ఉంటుంది. "నాకు తెలియడం లేదు," అంది. "ఆముదం వల్ల కావచ్చు. నీళ్లు తాగక కావచ్చు. అదే కావచ్చు. అదే అయితే సాయంత్రం దాకా ఆగే పని కాదు. సెలైన్ ఎక్కించాలి, ఇక్కడ ఎక్కించలేను."

"రిక్షాల తీస్కపోదామా సిస్టర్?" అని నేనన్నాను. అవ్వకు తెలియదు, గది పోదు. అప్పుడు నాకు అంతకంటే మంచి ఉపాయం తోచలేదు.

జవాబు సిస్టరమ్మ చెప్పలేదు, ఆయనే చెప్పాడు. "వద్దు తమ్మీ. గా రిక్షాల రేపు ఎవరి పిల్లలో బడికి పోతరు." పెదవులు తడుపుకోవడానికి ప్రయత్నించాడు. నాలుకకు తడి లేదు. "రిక్షాల తెచ్చినోళ్లను నేనే ఎన్నిమార్లు తిట్టలే? బండి తే. గంట మాత్రం కొట్టకు."

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. 

గంట కొట్టకుండా ఆ బండి నడపడం నాకు అదే మొదటిసారి. జనం దారివ్వరు, ఎవరూ పక్కకు తప్పుకోరు. ఎద్దుబండి వెనక, సైకిళ్ల వెనక, కూరగాయల తట్టల వెనక మెల్లగా ఈదుకుంటూ వచ్చాను. మిగతా రోజుల్లో మామీద ఉన్న భయం మాకు ఎంత పనికొచ్చేదో ఆ రోజు తెలిసింది. బండి గల్లీ మొదట్లో మలుపు తిరగగానే కిటికీ తలుపులు ఒకటి తర్వాత ఒకటి పడ్డాయి.

స్ట్రెచరు తీస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "గాడ నా జాగా ఇంకో దిక్కు," అన్నాడు, మోసే దిక్కు అని. ఒక పక్క నేను, ఒక పక్క వదిన పట్టుకుంటే నడిచి బయటికొచ్చాడు. అవ్వ అరుగు మీద లేచి నిలబడింది. చాటలో బియ్యం కింద పడ్డాయి.

నేను ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. జారిపడ్డాడనో, నడుం పట్టిందనో చెప్పడం నాకు చేతకాని పని కాదు. ఆయన నా భుజం నొక్కాడు.

"అవ్వా, నాకు గదే కావొచ్చు, కాకపోవొచ్చు. ఎవ్వరికి తెలుస్త లేదు. నువ్వు నీళ్లు మరగబెట్టుకుని తాగు. పెరట్లకు పోకు, మందు చల్లేటోళ్లు వస్తరు."

అవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు మా అందరికీ వినపడింది. వదిన గదిలోంచి కట్టుకోవడానికి ఇంకో చీర కూడా తీసుకోలేదు, అలాగే వచ్చి బండి ఎక్కింది.

షెడ్డులో ఆయనకు రెండు చేతులకూ సెలైన్ పెట్టారు. వదినను సిస్టరమ్మ హిమాయత్‌నగర్‌లో తన గదికి తీసుకుపోయింది. ఆమె పగిలిన చేతులు చూసి, వదిన ముద్దలు కలిపి చేతికిచ్చేదట. నేను రోజూ షెడ్డు కిటికీ దగ్గరకు పోయేవాణ్ని. తనను మోసుకొచ్చిన పద్ధతి బాగాలేదని, తల ముందు పెట్టాలో కాళ్లు ముందు పెట్టాలో నాకు ఇంకా రాలేదని ఆయన అన్న రోజున, బతుకుతాడని నాకు నమ్మకం కుదిరింది. ఆయన నడిచొచ్చి ముందు సీట్లో కూర్చున్నాడని గుర్తు చేస్తే, "ఔనా, నాకు యాదిలేదు," అన్నాడు.

ఆయన విరేచనం తీసి పరీక్షకు పంపిన సీసాల సంగతి ఆ తర్వాత వచ్చింది. మొదటి సీసాలో కలరా ఉందన్నారు. రెండో సీసాలో లేదన్నారు. ఆయన మంచం పక్కన డాక్టరుగారు నిలబడి మాకు విడమరిచి చెప్పబోయారు. మందు పడ్డాక తీసింది రెండోది, కాబట్టి పోయి ఉండవచ్చు. లేదా ఆ రోజు అందరి సీసాలూ ఒకే పెట్టెలో పోయాయి, కాబట్టి మొదటిది ఆయనదే అని గట్టిగా చెప్పలేం. లేదా, అని మూడోది ఏదో మొదలుపెట్టి ఆగిపోయారు.

"సారూ," అన్నాడు మా జోడీదారు, "గది కలరానా, ఆముదమా?"

"ఏదైతేనేమయ్యా, బతికావు కదా."

"మా ఇంటి అవ్వ అడుగుతది. ఏం చెప్పాలె?"

డాక్టరుగారి చెయ్యి అలవాటు చొప్పున నాడి దగ్గరకు పోయింది. అక్కడే ఆగిపోయింది. "నాకు తెలీదయ్యా," అన్నారు. అంత చదివిన మనిషి నోట ఆ మాట రావడం నేను వినలేదు అంతకుముందు. విచిత్రంగా, అప్పటినుంచి ఆయనంటే నాకు కొంచెం భయం తగ్గింది. ఆయనకు కూడా తగ్గినట్టుంది, బయటికొస్తూ నా భుజం మీద చెయ్యి వేశారు. మమ్మల్ని ఎవరినీ ముట్టుకుని ఆయనకు చాలా రోజులైంది.

ఆయనను ఇల్లు చేర్చే రోజు బండి వాడలేదు. స్టేషను ముందు నుంచి నడిచే పోయాం, ఆయనా, వదినా, సిస్టరమ్మా, నేనూ. గల్లీ మలుపు తిరిగితే అరుగు మీద పెట్టె కనిపించింది. వాళ్ల పెట్టె, చాప, రెండు గిన్నెలు. అవ్వ అన్నంత పనీ చేసింది. అయితే వానకు తడవకుండా వాటిమీద గోనెసంచి కప్పి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టింది. నాకు ఆ గోనెసంచి చూసి కోపం తెచ్చుకోవాలో ఏం చేయాలో తెలియలేదు.

అవ్వ తలుపు సగం తెరిచి, గడప లోపలే నిలబడింది.

"ఏం రోగమట?" అంది, ఆయనను కాదు, నన్ను.

ఇలాంటి చోట నాకు ఎప్పుడూ ఏదో ఒక మాట దొరికేది. ఆ రోజు మాత్రం ఆయన వైపు తిరిగాను. వదిన పెట్టె వైపు చూస్తూ నిలబడింది. ఆమె ఆ పెట్టెను ఎక్కడికి మోయాలో మా నలుగురిలో ఎవరికీ తెలియదు.

"తెల్వదంట అవ్వా," అన్నాడు ఆయన. "పెద్ద డాక్టరుకు కూడ తెల్వదంట. ఇప్పుడైతే లేదు. నాకు భయం మాత్రం పోలే." ఎండలో నడిచొచ్చిన అలసటకు, అడగకుండానే అరుగు చివర కూలబడ్డాడు.

అవ్వ చెయ్యి తలుపు మీద పడింది. తలుపు మూస్తుందనుకున్నాను. లోపలికి పోయి ఒక చెంబు నీళ్లు తెచ్చి, చెయ్యి దూరంగా చాపి, అరుగు మీద పెట్టి, వెంటనే వెనక్కి జరిగింది. ఇంటి ముందు మనిషి ఎండకు కూలబడితే ఆమెకు అదొక్కటే తెలుసు, ఎవరైనా సరే.

ఆయన చెంబు చేతిలోకి తీసుకున్నాడు. తాగలేదు. లోపలికి తొంగి చూశాడు. కొంచెం కదిపి మళ్లీ చూశాడు. సిస్టరమ్మ "తాగవయ్యా" అని మెల్లగా అంది. చెంబు పైకి లేవలేదు.

"మరగబెట్టినవా అవ్వా?" అన్నాడు.

అవ్వకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది.

"ఏమన్నవ్ రా? నా ఇంటి నీళ్లు చూసి నువ్వు భయపడుతున్నవా?"

"గట్ల కాదవ్వా..."

"మరెట్ల? మా ఆయన ఉన్నప్పటి సంది ఈ ఇంట్ల నీళ్లు తాగినోడు ఎవడన్న జ్వరమన్నడా? నువ్వు పోయిన నాటి సంది పొద్దుమాపు కట్టెలు తగలేసి మరగబెడుతున్న. నువ్వు చెప్పినవనే గదరా. కండ్లు మండుతున్నయి పొగకు." మాట్లాడుతూనే గడప దాటింది. మాట్లాడుతూనే వచ్చి ఆయన చేతిలోంచి చెంబు లాక్కుంది. తల వెనక్కి వంచి ఎత్తి రెండు గుక్కలు పోసుకుంది, కొంగుతో మూతి తుడుచుకుంది, చెంబు మళ్లీ ఆయన చేతుల్లో పెట్టి, ఆ చేతులను తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నోటి దాకా లేపింది. "తాగు. నా ముందర తాగు. మొత్తం తాగాలె."

ఆయన తాగాడు. గడ్డం మీదుగా కారుతుంటే కూడా ఆపకుండా తాగాడు. ఎన్నాళ్లకు అంత నీళ్లు తాగడం చూశానో చెప్పలేను. చెంబు ఖాళీ అయ్యాక అవ్వ దాన్ని తీసుకుని, బోర్లించి చూసి, "ఇంకింత తెస్త, ఉండు," అని లోపలికి పోయింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. సిస్టరమ్మ నా వైపు చూసింది. అవ్వ ఆయన చేతులు పట్టుకోవడం ఆమె కూడా చూసింది. నేను వేలు పెదవుల మీద పెట్టుకున్నాను. వదిన చప్పుడు కాకుండా పెట్టె ఒక కొస పట్టుకుంది, నేను రెండో కొస పట్టుకున్నాను. అవ్వ రెండో చెంబుతో తిరిగొచ్చేసరికి పెట్టె గదిలో ఉంది. గడప దాటొచ్చి ఆయనను ముట్టుకున్న సంగతి అవ్వకు మాలో ఎవరమూ గుర్తుచేయలేదు.